డాక్టరు యల్లాప్రగడ సుబ్బారావుగారి జీవితము

మన రాష్ట్రమున ప్రభుత్వ పాఠశాలలలోను, ప్రభుత్వ సహాయము పొందు పాఠశాలలలోను చదువు బాలబాలికలకు వారమునకొక పర్యాయము ఒక మాత్ర నిచ్చు ఏర్పాటు కలదు. ఈ పుటలు చదువుచున్న విద్యార్థులలో పలువురు దానిని మ్రింగియే యుందురు. రక్తహీనత కలుగకుండుటకై ఇచ్చు ఆ మాత్రలో ఇనుము ఒకటి, ఫోలిక్ ఆమ్లము రెండవది. ఇనుమును అందరు నెరుగుదురు. ఫోలిక్ ఆమ్లమును ప్రయోగశాలలో తయారుచేయు మార్గమును కనుగొన్న శాస్త్రజ్ఞుల బృందమునకు నాయకుడు తెలుగువాడని యెరిగినవారు కొలదిమందియే. ఆ మహనీయుని పేరు డాక్టరు యల్లాప్రగడ సుబ్బారావుగారు. ఆయన జీవితమును మా విద్యార్థులకును, వారి తలిదండ్రులకును సంగ్రహముగా తెలుపుట మా యుద్దేశము. ఇందు విజయములతోపాటు అపజయములును గలవు. లాభముతోపాటు నష్టమును గలదు. ఒకదానిని చెప్పి మరియొకదానిని దాచుట జీవితచరిత్ర యనిపించుకొనదు.

సుబ్బారావుగారు 1895వ సంవత్సరము జనవరి 12వ తేదీన భీమవరమున జన్మించిరి. తండ్రి జగన్నాథముగారు రెవెన్యూ శాఖలో చిన్న యుద్యోగి. అనారోగ్యముచే ముందుగానే ఉద్యోగము విరమించుకొనవలసివచ్చెను. తల్లి వెంకమ్మగారు. సంతానము పెద్దది, సంపాదన చిన్నది. బాలుడైన సుబ్బారావుగారికి మొదట చదువుపై అంతగా మనసు నిలువలేదు. పదుమూడేండ్ల ప్రాయమున ఇల్లు విడిచి, కాశీకి పోయి యాత్రికులకు అరటిపండ్లమ్మి ధనము గడింపవలెనని బయలుదేరగా, తల్లి వెంటబడి తిరిగి తీసికొనివచ్చెనని చెప్పుదురు. ఆమె పట్టుదలయే లేకున్నచో ఈ చరిత్ర అక్కడనే ముగిసియుండును.

పిమ్మట రాజమహేంద్రవరమున చదువు సాగెను. అయినను మెట్రిక్యులేషను పరీక్షలో రెండు పర్యాయములు తప్పిరి. మదరాసులోని హిందూ ఉన్నత పాఠశాలలో చేరి, మూడవ పర్యాయము ఉత్తీర్ణులైరి. తరువాత ప్రెసిడెన్సీ కళాశాలలో ఇంటర్మీడియటు చదువునాటికి వారి మనసు సన్యాసమువైపు మరలి, రామకృష్ణ మఠమున చేరగోరిరి. తల్లి యనుమతి లేక చేర్చుకొనుటకు మఠమువారు సమ్మతింపలేదు; తల్లి యనుమతింపలేదు. రోగులకు సేవచేయుటయు ఒక సాధనయే యని తలచి, సుబ్బారావుగారు మదరాసు వైద్య కళాశాలలో ప్రవేశించిరి. చదువు ఖర్చులకు స్నేహితులును, కస్తూరి సూర్యనారాయణమూర్తిగారును తోడ్పడిరి. ఆ మూర్తిగారి కుమార్తె శేషగిరిగారినే సుబ్బారావుగారు వివాహమాడిరి.

అవి గాంధీ మహాత్ముని పిలుపుచే దేశమంతయు మేల్కొన్న దినములు. సుబ్బారావుగారు ఖద్దరు ధరించి శస్త్రచికిత్సాగారమునకు పోవుచుండగా, అది శస్త్రచికిత్స నేర్పు ఆంగ్లేయ ఆచార్యునికి కంటగింపయ్యెను. వ్రాతపరీక్షలలో బాగుగా వ్రాసియు, చివరకు ఎం.బి.బి.యస్. పట్టమునకు మారుగా, దానికంటె తక్కువదైన ఎల్.ఎం.యస్. పట్టము మాత్రమే వారికి లభించెను. ప్రభుత్వ వైద్యశాఖలో ఉద్యోగము దొరకలేదు. అప్పుడు మదరాసులో ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేద కళాశాలలో శరీరనిర్మాణ శాస్త్రము బోధించుటకు కుదిరిరి.

ఈ కాలపు దుఃఖమొకటి ఇచ్చట చెప్పవలసియున్నది. సుబ్బారావుగారి సోదరులిద్దరు కొలది దినముల యెడములో మరణించిరి. వారిలో పురుషోత్తముగారిని కబళించినది స్ప్రూ అను వ్యాధి. ఇది ఉష్ణదేశములలో ప్రబలు రోగము. చిన్న ప్రేగు ఆహారసారమును గ్రహింపలేక, విరేచనములు పట్టి, రక్తము పలుచబడి, మనుష్యుడు దినదినమును కృశించి పోవును. ఆనాడు దానికి కారణమెవ్వరికిని తెలియదు. కారణము తెలియని రోగమునకు మందు దొరకుట దైవాధీనము. సుబ్బారావుగారికిని ఆ వ్యాధి సోకగా లక్ష్మీపతిగారి చికిత్సచే కోలుకొనిరని చెప్పుదురు. అన్న పోవుచుండ, ఏమియు చేయలేకపోవుట ఎట్టిదో ఆయన అప్పుడెరిగిరి.

అమెరికాలో పరిశోధన నేర్చుకొనవలెనను కోరిక బలపడెను. కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకరు ధర్మసంస్థ సహాయము చేయ నొప్పుకొనెను. మామగారును కొంత ద్రవ్యము సమకూర్చిరి. మూడేండ్లలో తిరిగివచ్చెదనని భార్యకు మాట యిచ్చి, 1920ల తొలినాళ్ళలో ఆయన ఓడ యెక్కి బోస్టను నగరము చేరిరి. హార్వర్డు విశ్వవిద్యాలయమున ఉష్ణదేశ వైద్యమున డిప్లొమా పొందిరి. వారి మదరాసు పట్టముతో అచ్చట వైద్యము చేయుటకు వీలులేదు. అందుచేత ఒక ఆసుపత్రిలో రాత్రివేళల పనికి కుదిరి, రోగుల మలమూత్ర పాత్రలు కడిగి, ఆ కూలితో పగలు చదువుకొనిరి. వైద్యపట్టము గలవాడు ఇట్టి పని చేయుట హీనమని వారు తలపలేదు. ఆ పనియే వారికి భోజనమును, ప్రయోగశాలను రెండింటిని ప్రసాదించెను.

హార్వర్డులో జీవరసాయన శాఖయందు సైరస్ ఫిస్కే అను ఆచార్యునితో కలిసి పనిచేయ నారంభించిరి. రక్తములోను, మూత్రములోను, కండరములలోను భాస్వరమెంత గలదో కొలుచుట వారి మొదటి కార్యము. మనము కొలువగోరు ద్రవమునకు మాలిబ్డేటు అను పదార్థమును చేర్చి, మరియొక రసాయనముతో కలిపినచో నీలిరంగు కలుగును. భాస్వరము హెచ్చుగా నున్న రంగు చిక్కగాను, తక్కువగా నున్న పలుచగాను ఉండును. ఆ రంగు గాఢతను కొలిచినచో భాస్వరపు పాలు తెలియును. 1925లో ప్రకటితమైన ఈ పద్ధతికి ఫిస్కే-సుబ్బారావు పద్ధతి యని పేరు. వైద్యవిద్యార్థులు జీవరసాయన పాఠములలో నేటికిని ఈ పేరు చదువుచున్నారు. మన వరంగల్లులో కాకతీయ వైద్య కళాశాలకు పోగోరు మా బాలబాలికలు ఒకనాడు ఆ పేరును చూచినపుడు ఈ చరిత్రను జ్ఞప్తికి తెచ్చుకొందురుగాక.

కొలుచుట చేతనైన పిమ్మట కనుగొనుట సులభమయ్యెను. కండరమును పరీక్షించుచుండగా, అంతవరకు ఎవ్వరును గుర్తింపని భాస్వర పదార్థమొకటి కనబడెను. కండరము పనిచేయునప్పుడు అది తరిగిపోవుచు, విశ్రమించినప్పుడు తిరిగి పెరుగుచుండెను. అదియే ఫాస్ఫోక్రియాటిన్; 1927లో లోకమునకు తెలిసెను. 1929లో మరియొక పదార్థమును వెల్లడించిరి. దాని పేరు ఎడినోసిన్ ట్రైఫాస్ఫేటు, చదువుకొనువారు ఎ.టి.పి. యందురు. అదే సంవత్సరమున జర్మనీలో కార్ల్ లోమన్ అను శాస్త్రజ్ఞుడును స్వతంత్రముగా దీనిని కనుగొనెను. కండరపు శక్తికి లాక్టిక్ ఆమ్లమే మూలమని అంతకు పూర్వము శాస్త్రజ్ఞులు నమ్మిన సిద్ధాంతము ఈ పరిశోధనలతో మారిపోయెను.

ఎ.టి.పి. యనగా నేమో చిన్న విద్యార్థులకు ఒక పోలికతో చెప్పెదము. గాదెనిండ వడ్లున్నను, అంగడికి పోయి ఉప్పు కొనవలెనన్న చేతిలో చిల్లర యుండవలెను. మనము తిను అన్నము గాదెలోని వడ్లవంటిది, ఎ.టి.పి. చేతిలోని చిల్లర. జీవకణము ఏ పని చేయవలెనన్నను, అనగా కండరము ముడుచుకొనుటకు గాని, నాడి వార్త నందించుటకు గాని, క్రొత్త కణము పుట్టుటకు గాని, ఈ చిల్లరనే వెచ్చించును. ఎ.టి.పి.లో మూడు ఫాస్ఫేటులు గొలుసువలె కూర్చబడియుండును. చివరి ఫాస్ఫేటు విడివడినపుడు కణమునకు శక్తి లభించును. తిన్న ఆహారముయొక్క బలముతో అది మరల అతుకబడును. ఏ క్షణమున చూచినను మన దేహమున నుండు ఎ.టి.పి. కొలది తులములే. అది మరల మరల విడిపోవుచు అతుకబడుచు నుండుటచే, ఒక దినమున ఇట్లు చేతులు మారు మొత్తము దాదాపు మన శరీరపు బరువంత యగును. చీమకును, మామిడిచెట్టునకును, మనుష్యునకును ఈ నాణెమొక్కటియే. దీని తయారీ విధమును తేటపరచిన శాస్త్రజ్ఞులకు 1997లో రసాయనశాస్త్ర నోబెల్ బహుమానములో పాలు లభించెను.

సుబ్బారావుగారు 1930లో హార్వర్డు డాక్టరేటు పొందిరి. ఇంత చేసినను ఆ విశ్వవిద్యాలయమున వారికి స్థిరమైన పదవి లభింపలేదు. పత్రములలో ఫిస్కే పేరు ముందును, వీరి పేరు వెనుకను ఉండెను. కీర్తి యెక్కువగా ముందున్న పేరునకే పోయెను. తమ కృషిని తాము చాటుకొనుట వారి స్వభావములో లేదు. దాదాపు పదునేడేండ్లు బోస్టనులో గడపి, 1940లో న్యూయార్కు రాష్ట్రములోని పెర్ల్ రివర్ అను ఊర లెడర్లీ ప్రయోగశాలలో చేరి, తరువాత పరిశోధనలకు అధ్యక్షులైరి. తమ నలువదియైదవ యేట ఆయన తిరిగి మొదటినుండి ప్రారంభించిరని చెప్పవచ్చును.

అచ్చట వారు మొదట చేపట్టిన కార్యములలో ఒకటి తమ పూర్వదుఃఖమునకు సంబంధించినది. 1930ల ప్రారంభమున లూసీ విల్స్ అను ఆంగ్లేయ వైద్యురాలు బొంబాయిలో గర్భిణీస్త్రీల రక్తహీనతను పరిశోధించి, ఈస్టు సారమునందు దానిని మాన్పు గుణము గలదని కనుగొనియుండిరి. ఆ గుణము ఏ పదార్థమువలన కలుగుచున్నదో తెలియదు. అది ఈస్టులోను, కాలేయములోను, ఆకుకూరలలోను స్వల్పముగా నుండును. వేరుచేయుట మిక్కిలి కష్టము. సుబ్బారావుగారి బృందము కాలేయమునుండి దానిని శుద్ధముగా తీసి, నిర్మాణమును గ్రహించి, 1945-46లో ప్రయోగశాలలోనే తయారుచేసి లోకమున కందించెను. అదియే ఫోలిక్ ఆమ్లము. స్ప్రూ రోగులకు దీనిని ఇచ్చి చూడగా, కృశించినవారు కోలుకొనిరి. అన్నను కోల్పోయి ఇరువదియేండ్లు గడచిన పిమ్మట, ఆ రోగమునకు మందు సుబ్బారావుగారి చేతిమీదుగనే వెలువడెను. అన్నకు అది అందలేదు. ఇతరుల అన్నలకు అందెను.

ఫోలిక్ ఆమ్లము ఎందుకు పనిచేయునో కూడ తెలిసికొనదగినది. ఒక కణము రెండు కావలెనన్న దానిలోని డి.ఎన్.ఎ. యను పదార్థము రెట్టింపు కావలెను. డి.ఎన్.ఎ. తయారగుటకు ఫోలిక్ ఆమ్లము ఆవశ్యకము. త్వరత్వరగా విభజింపబడు కణములు గల స్థలములలో ముఖ్యమైనవి రెండు: రక్తకణములు పుట్టు ఎముకల మూలుగ, ప్రేగుల లోపొర. ఫోలిక్ ఆమ్లము కొరవడినప్పుడు మొదట దెబ్బతినునవి యివియే. గర్భమున శిశువు పెరుగునప్పుడు తల్లికి ఇది మరింత అవసరము. కావుననే నేడు గర్భిణీస్త్రీలకును, ఎదుగు పిల్లలకును దీనిని ఇచ్చుచున్నారు.

ఈ జ్ఞానమునే సుబ్బారావుగారును, వారి సహచరులును తలక్రిందుగా ప్రయోగించిరి. రక్తపు క్యాన్సరు అనగా తెల్ల రక్తకణములు అదుపుతప్పి పెరుగుట. బోస్టనులోని పిల్లల ఆసుపత్రిలో సిడ్నీ ఫార్బర్ అను వైద్యుడు ఇట్టి పిల్లలకు ఫోలిక్ ఆమ్లపు సంయోగము నీయగా, రోగము మరింత ముదిరినట్లు తోచెను. కణములు పెరుగుటకు కావలసిన దానిని ఇచ్చుటవలన రోగము పెరిగినచో, దానికి అడ్డుపడు పదార్థము నిచ్చిన తగ్గవలెను గదా! ఫోలిక్ ఆమ్లమును పోలియుండి, దాని స్థానమును ఆక్రమించి, దాని పనిని జరుగనీయని పదార్థములను లెడర్లీ ప్రయోగశాల తయారుచేసి పంపెను. వానిలో అమినాప్టెరిన్ అనునది 1947 చివర పిల్లలకు ఇయ్యబడెను. తీవ్రముగా జబ్బుపడిన పదునారుగురిలో పదిమందికి గుణము కనబడెనని 1948 జూనులో ఫార్బరు ప్రకటించెను. ఆ గుణము తాత్కాలికమే, రోగము తిరిగి వచ్చెను. అయినను అంతవరకు రోజుల లెక్క మాత్రమే మిగిలిన ఆ వ్యాధిలో మందు పనిచేయగలదని ఋజువగుట అదియే మొదలు. దాని తోబుట్టువైన మెథోట్రెక్సేటు నేటికిని క్యాన్సరు వైద్యమునను, కీళ్లవాత వైద్యమునను వాడబడుచున్నది. ఈనాడు ఆ పిల్లల రక్తపు క్యాన్సరు మంచి చికిత్స దొరకినచోట చాలవరకు నయమగుచున్నది.

మన తెలుగు జిల్లాలకు దగ్గర సంబంధము గల మందు మరియొకటి కలదు. బోదకాలు తెలియని తెలుగువారుండరు. గోదావరి డెల్టాయందు పుట్టిన సుబ్బారావుగారు దానిని బాల్యమునుండి చూచియే యుందురు. దోమకాటుచే రక్తమున చేరు సూక్ష్మమైన క్రిములు ఈ వ్యాధికి మూలము. రెండవ ప్రపంచ యుద్ధకాలమున పసిఫిక్ ద్వీపములలో అమెరికా సైనికులకు ఈ వ్యాధి సోకగా, మందు వెదకుట ప్రారంభమయ్యెను. లెడర్లీ బృందము కనుగొనిన హెట్రజాను అను మందు 1947లో వెలువడెను. శాస్త్రనామమున దానిని డైఇథైల్ కార్బమజైను అందురు. మన ఆరోగ్యకార్యకర్తలు డి.ఇ.సి. మాత్రలని పిలుతురు. ఇది రక్తములోని పిల్ల క్రిములను చంపును గాని, ఉబ్బిన కాలును మునుపటివలె చేయజాలదు. కావుననే వ్యాధి గల ప్రాంతములలో రోగము లేనివారికిని ఈ మాత్రల నిచ్చి, క్రిములు ఒకరినుండి మరియొకరికి పోకుండ చేయు ఏర్పాటు ఏర్పడినది. ఇంటికి వచ్చి మాత్ర లిచ్చువారిని, మాకు రోగము లేదు గదా యని తిరిగి పంపువారు ఈ సంగతి గమనింపవలెను.

వీరి పర్యవేక్షణములో లెడర్లీ ప్రయోగశాలలో బెంజమిన్ డగ్గర్ అను వృద్ధ శాస్త్రజ్ఞుడు మట్టినుండి తీసిన సూక్ష్మజీవిచే ఆరియోమైసిన్ అను మందును కనుగొనెను. టెట్రాసైక్లిను మందుల కుటుంబమునకు అది మొదటిది. 1948లో అది లోకమునకు వెల్లడియయ్యెను. 1994లో సూరతు నగరమున ప్లేగు భయము పుట్టినప్పుడు జనులు ఆశ్రయించినది ఈ కుటుంబపు మందునే.

ఆరియోమైసిన్ వెల్లడియైన కొలది దినములకే, 1948 ఆగస్టు మాసమున, సుబ్బారావుగారు నిద్రలోనే గుండెపోటుచే మరణించిరి. వారి వయసు 53 సంవత్సరములు. అమెరికా పౌరసత్వమును వారు స్వీకరింపలేదు. స్వదేశము స్వతంత్రమై అప్పటికి ఒక సంవత్సరమైనను నిండలేదు. మూడేండ్లని చెప్పి వెళ్ళినవారు తిరిగి రాకయే పోయిరి. ఆయన వెళ్ళిన పిమ్మట పుట్టిన కుమారుడు శైశవముననే మరణించెను. తండ్రి ఆ బిడ్డ ముఖమును చూడనేలేదు. శేషగిరిగారు భర్తను మరల చూడలేదు. ఆయన చరిత్ర చెప్పువారు తరచు ఈ విషయమును ఒక వాక్యముతో ముగింతురు. మాకది న్యాయముగా తోచదు. ఆ మందులకు వెల చెల్లించినవారిలో ఆమెయు ఒకరు. మన వరంగల్లునుండియు నేడు అనేకులు చదువునకై సముద్రములు దాటుచున్నారు. పంపు తలిదండ్రులును, పోవు పిల్లలును ఈ చరిత్రలోని ఈ భాగమునుకూడ చదువుకొనుట మేలు.

మరణానంతరము కొంత గౌరవము లభించెను. 1953లో ఒక క్రొత్త జాతి శిలీంధ్రమునకు వీరి పేరు పెట్టబడెను. శతజయంతి సందర్భమున 1995లో భారత ప్రభుత్వము తపాలా బిళ్ళను వెలువరించెను. ఆయన చూచిన కణలోకమును పరిశోధించుటకు నేడు అమెరికాకే పోనక్కరలేదు. 1977లో ఏర్పడిన సెల్యులార్ అండ్ మాలిక్యులార్ బయాలజీ కేంద్రము, మన పట్టణమునుండి కొన్ని గంటల రైలు ప్రయాణములో చేరదగిన హైదరాబాదుననే కలదు.

ఈ సంచికలో పరీక్షలయందు ఉత్తీర్ణులైనవారి పేళ్ళు అచ్చగును. తప్పినవారి పేళ్ళు అచ్చుకావు. 1910వ ప్రాంతమున ఇట్టి సంచిక యేదైన వెలువడియున్నచో దానిలో యల్లాప్రగడ సుబ్బారావు అను పేరు కనబడియుండదు. పరీక్ష తప్పుట గొప్పయని మేము చెప్పుట లేదు. ఆయన మూడవ పర్యాయము కూర్చుండి ఉత్తీర్ణులైరని చెప్పుచున్నాము. పట్టము తక్కువదైనను, పని హీనమైనదైనను, పేరు వెనుకనున్నను, ఆయన మరునాటి యుదయమున మరల ప్రయోగశాలకు పోయిరి. తమ పిల్లవాని పేరు ఈ యేటి జాబితాలో లేదని చింతించు తలిదండ్రులు వెంకమ్మగారిని తలంచుకొని, ఆ బిడ్డను మరల బడికి పంపుదురుగాక.